కొత్త కార్డు బహుమతులు, కేసీసీ వడ్డీ రాయితీ: చిన్న రైతు చూసుకోవలసినవి



ఈమధ్య మార్కెట్ యార్డు దగ్గర, వారపు సంతలో, చివరికి ఎరువుల దుకాణం ముందు కూడా గొడుగు వేసుకుని కుర్రాళ్లు కూర్చుంటున్నారు. క్రెడిట్ కార్డు తీసుకుంటే 500 రూపాయల గిఫ్ట్ వోచర్, ఫోన్‌లో కొత్త ఖాతా తెరిస్తే 250 రూపాయలు జమ అని చెబుతున్నారు. పొలం చూడటానికి వెళ్లినప్పుడు తెగుళ్ల సంగతి అయ్యాక చాలామంది అడుగుతున్న ప్రశ్న, "సార్, ఈ కార్డు తీసుకోవచ్చా?" అని. నేను పంటల మనిషిని, బ్యాంకు ఉద్యోగిని కాను. అయినా ఇన్నేళ్లు రైతుల వెంట బ్యాంకులకు తిరిగిన అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

మీ దగ్గర ఉన్న పెద్ద బోనస్

ముందుగా మీ కిసాన్ క్రెడిట్ కార్డు సంగతి. కేసీసీ మీద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా కట్టినవారికి కేంద్రం అందులో 3 శాతం ప్రోత్సాహకంగా తిరిగి ఇస్తుంది. మిగిలేది 4 శాతం. మన ఊరి లెక్కలో నూటికి నెలకు 33 పైసలు, అంటే పావలా వడ్డీ కన్నా కాస్త ఎక్కువ. లక్ష రూపాయలు ఏడాది వాడుకుంటే 7,000 వడ్డీలో 3,000 మీకే వస్తుంది. 2 లక్షలైతే 6,000. పీఎం కిసాన్‌లో ఏడాదికి వచ్చే మొత్తం ఎంతో ఇదీ అంతే! 500 రూపాయల వోచర్ కోసం వరుసలో నిలబడే మనం, ఈ 6,000ను గడువు తేదీ తెలియక వదులుకుంటున్నాం.

ఇందులో మూడు విషయాలు గమనించాలి. ప్రోత్సాహకం మీరు రుణం వాడుకున్న రోజులకే లెక్కకడతారు, ఏడాదికి మించి ఇవ్వరు. ఎనిమిది నెలలకే కట్టేస్తే లక్షకు 2,000 వస్తుంది, వడ్డీ కూడా ఆ ఎనిమిది నెలలకే పడుతుంది కాబట్టి నష్టమేమీ లేదు. రెండోది, గడువు ఒక్కరోజు దాటినా ఈ 3 శాతం పోతుంది, ఆపైన బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. మూడోది, బంగారం పెట్టి తీసుకున్న రుణాన్ని వ్యవసాయ రుణం అన్నంత మాత్రాన రాయితీ రాదు. 2020 ఏప్రిల్ నుంచి రాయితీ కేసీసీ ఖాతా ద్వారానే. మీది ఏ ఖాతానో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

ప్రోత్సాహకం కట్టిన రోజే జమ కాకపోవచ్చు. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని, జమ పడిందో లేదో చూసుకోండి. పడకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, నోటిమాటగా అడిగితే నెలలు గడుస్తాయి.

గడువు దగ్గర పడింది, చేతిలో డబ్బు లేదు

అసలు చిక్కు ఇక్కడే. పంట అమ్ముడుపోలేదు, గడువు పది రోజుల్లో ఉంది. చాలామంది కమీషన్ వ్యాపారి దగ్గర చేబదులు తెచ్చి కట్టి, రెన్యువల్ చేయించుకుని తిరిగి తీసి ఇచ్చేస్తారు. లెక్క వేద్దాం. 2 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి పది రోజులు తెస్తే 1,333 రూపాయలు అవుతుంది. దక్కేది 6,000. లాభమే. కానీ బ్యాంకు రెన్యువల్‌కు నెల తీసుకుంటే 4,000 పోతుంది, నెలన్నర పడితే లాభమంతా ఆవిరి. అసలు రెన్యువలే కాకపోతే నూటికి రెండు రూపాయల అప్పు మెడకు చుట్టుకుంటుంది. అందుకే డబ్బు తెచ్చే ముందు బ్యాంకుకు వెళ్లి, మేనేజర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: కట్టిన ఎన్నో రోజున తిరిగి తీసుకోవచ్చు? కావలసిన కాగితాలేమిటి? పాస్‌బుక్, ఆధార్, ఫొటోలు ముందే సిద్ధం చేసుకోండి. జవాబు సూటిగా రాకపోతే చేబదులు తేకండి.

ఇంకో దారి ఉంది, మనవాళ్లు తక్కువగా వాడుతున్నారు. కేసీసీ ఉన్న చిన్న, సన్నకారు రైతులు గుర్తింపు పొందిన గిడ్డంగిలో ధాన్యం నిల్వపెట్టి, ఆ రసీదు మీద రుణం తీసుకుంటే కోత తర్వాత ఆరు నెలల వరకు ఇదే రాయితీ వడ్డీ వర్తిస్తుంది. ధర పడిపోయినప్పుడు అమ్మక తప్పదన్న ఒత్తిడి ఉండదు.

రుణమాఫీ వస్తుందని కట్టకుండా ఆగినవారిని చాలామందిని చూశాను. వచ్చినప్పుడు కూడా తేదీల లెక్క ఉంటుంది. తెలంగాణలో 2024లో జరిగిన మాఫీ 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య రుణాలకే.

ఇక గొడుగు కింద కుర్రాడి కార్డు

క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం గడువులో కడితే వడ్డీ ఉండదు. నెలజీతం వచ్చేవారికి అది కుదురుతుంది. మనకు డబ్బు వచ్చేది కోతకు. 20,000 రూపాయల మందులు, ఎరువులు కార్డు మీద కొని, నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే చాలా కార్డులకు నెలకు మూడు నుంచి మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. వడ్డీ వ్యాపారి రెండు రూపాయలే నయం అనిపిస్తుంది. ఏటీఎంలో నగదు తీస్తే ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే. మొదటి ఏడాది ఉచితం అన్న కార్డుకు రెండో ఏడాది ఫీజు ఎంతో అడగండి.

అడగకుండానే కార్డు ఇంటికి వస్తే కంగారు పడకండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మీ సమ్మతి లేకుండా కార్డు ఇవ్వకూడదు. ఓటీపీ చెప్పకండి. తీసుకున్న కార్డు వద్దనుకుంటే బాకీ తీర్చి, మూసేయమని రాసివ్వండి, ఏడు పనిదినాల్లో మూయాలి.

కొత్త ఖాతాతో వచ్చే తిప్పలు

250 రూపాయల కోసం కొత్త ఖాతా తెరిచి ఆధార్ లింక్ చేయించినప్పుడు జరిగేది చాలామందికి తెలియదు. ఆధార్ ఆధారంగా వచ్చే ప్రభుత్వ డబ్బు చివరగా అనుసంధానమైన ఖాతాలోకే వెళుతుంది. ఒక రైతు పీఎం కిసాన్ విడత రాలేదని మా కార్యాలయానికి మూడుసార్లు తిరిగారు. విచారిస్తే, కొడుకు ఫోన్‌లో తెరిచిన కొత్త ఖాతాలో 2,000 భద్రంగా ఉంది, కానీ దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు! మై ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే మీ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడిందో తెలుస్తుంది.

"మీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వండి, 3,000 ఇస్తాం" అనేవారు వస్తే వెంటనే పంపించేయండి. సైబర్ మోసాల సొమ్ము దాటించడానికి వాడే పద్ధతి అది. కేసు ఖాతాదారుడి మీద పడుతుంది, ఖాతా స్తంభిస్తుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి, 1930కు ఫోన్ చేయండి.

జన్‌ధన్ రూపే కార్డు ఉన్నవారికి ఒక మాట. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాల కార్డులకు 2 లక్షల ప్రమాద బీమా ఉంది. అయితే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. బీరువాలో దాచిన కార్డుకు బీమా రాదు. అలాగే 20 రూపాయల సురక్షా బీమా ప్రీమియం ఏటా మే నెలాఖరులో ఖాతా నుంచి కట్ అవుతుంది. ఆ రోజుకు ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి.