పుట్టిలో దాటిన దారి, సైకిల్‌పై చుట్టే దారి

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. అప్పటి నుంచి ఏటా ఈ తేదీ దగ్గరపడేసరికి ఆదివారం పేజీలకు ఒక సైకిల్ కావాల్సి వస్తోంది. ఈసారి ఎడిటర్‌గారు కొండలూ ఉండాలి, నీళ్లూ ఉండాలి, పల్లెలూ తగలాలి, కాస్త చరిత్రా ఉండాలి అన్నారు. గడువేమో గురువారం. ఇన్ని కోరికలు ఒక్కచోట తీరాలంటే శ్రీశైలం జలాశయాన్ని మించింది లేదు.

చుట్టు ఇలా సాగుతుంది. అచ్చంపేట నుంచి కొల్లాపూర్, అక్కణ్నుంచి పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి అలంపురం, తుంగభద్ర దాటి కర్నూలు. ఆపైన నందికొట్కూరు, ఆత్మకూరు, అడవిలోంచి దోర్నాల, ఘాట్ ఎక్కి శ్రీశైలం. మళ్లీ ఆనకట్ట కిందికి దిగి, ఈగలపెంట వైపు ఎక్కి, మన్ననూరు మీదుగా అచ్చంపేట. పడమర పొలాలు, తూర్పున నల్లమల, మధ్యలో నీళ్లు. కాళ్లలో సత్తువున్న వాళ్లకు కొన్ని రోజుల పని. లేనివాళ్లు నాలాగా మ్యాప్ మీద వేలు పెట్టి తిరగొచ్చు.

తమాషా ఏమిటంటే, పాతకాలం వాళ్లెవరూ ఇలా చుట్టూ తిరగలేదు. వాళ్లు అడ్డంగా దాటారు. ఇప్పుడు నీళ్లున్నచోట అప్పుడు దారులుండేవి.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నాలుగు దిక్కుల నుంచీ జనం కొండకు నడుస్తూ వచ్చారనడానికి ఈ లెక్కే సాక్ష్యం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా ఈ పర్వతానికే ఇచ్చాడు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. కృష్ణదేవరాయలు వచ్చాడు, 1677లో శివాజీ వచ్చాడు. 1794లో కాలిన్ మెకంజీ వచ్చి గుడి ప్రాకారం మీది శిల్పాలను శ్రద్ధగా రాసుకున్నాడు. అయిదారు వందల ఏళ్లు అయిదారు వాక్యాల్లో అయిపోయాయంటే తప్పు నాది కాదు. శాసనాలు దానమిచ్చినవాడి పేరు చెబుతాయి గానీ నడిచినవాడి పాదాల సంగతి చెప్పవు.

ఆ సంగతి చెప్పినవాడు ఒకడున్నాడు. ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నదే ఆయన కోసం.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాష మాటను ఇంకో భాషలో చెప్పేవాడు. 1830 మే 18న వందమంది దాకా పరివారంతో మద్రాసులో బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారిలో రోజువారీ సంగతులు రాసి మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చాడు. వీరాస్వామయ్య పోయాక, 1838లో పిళ్లెగారి పూనికతో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది. మళ్లీ 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దాన్ని శ్రమపడి సంపాదించి ప్రకటించారు. పేరు చూసి దీన్ని పుణ్యం కోసం చదివే పుస్తకం అనుకోవచ్చు. నా దృష్టిలో ఇది మన మొదటి రూట్ షీట్.

ఎందుకంటారా? ఇవాళ సైకిల్ మీద దూరం పోయేవాళ్లు ఒక ఊరి గురించి అడిగేదేమిటి? నీళ్లు దొరుకుతాయా, తిండి దొరుకుతుందా, రాత్రి పడుకోవడానికి చోటుందా, దారి రాళ్లదా ఇసుకదా, తర్వాతి ఊరు ఎంత దూరం. వీరాస్వామయ్య ఊరూరికీ రాసింది అదే. అంగళ్లున్నాయా, బావి నీళ్లు మంచివేనా, డేరా వేయడానికి నీడ ఉందా. గుళ్లో దేవుడి వైభవం ఒక పక్క రాస్తూనే, కింద వర్తకుడి దగ్గర ఏ సరుకు లేదో కూడా రాస్తాడు. భక్తి ఎంతున్నా బియ్యం సంగతి మరిచిపోని మనిషి. ఆ నిదానం నాకు మహా ఇష్టం.

కడప, అహోబిలం మీదుగా ఆయన ఆత్మకూరు చేరాడు. అది అప్పుడు కర్నూలు నవాబు సీమ. శ్రీశైలం పోయే యాత్రికులు అక్కడ నవాబుకు పన్ను కట్టి గానీ కదలకూడదు. ఇప్పుడు మనం చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ రసీదు తీసుకుంటూ విసుక్కుంటాం. ఆ విసుగుకు రెండు వందల ఏళ్ల వయసుంది. ఆత్మకూరు దాటితే నాగలూటి, పెద్దచెరువు, ఆపైన భీముని కొలను. అడవిలో చెంచులు దారి చూపేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, అందుకు వాళ్లకు ఇంతని ముట్టేది. భీముని కొలను దగ్గర దారి లోయలోకి మెట్లు మెట్లుగా దిగి, మళ్లీ అంతా ఎక్కుతుంది. వీరాస్వామయ్య సవారీలో, అంటే పల్లకీలో, వెళ్లేవాడన్న మాట మరవకూడదు. ఎత్తులన్నీ నిజంగా ఎక్కినవి బోయీల మోకాళ్లు. ఆ మోకాళ్లవాళ్లు ఏమనుకున్నారో ఎవరూ అచ్చు వేయలేదు.

ఈ కాలిదారి పాతబడిపోలేదు. ఏటా శివరాత్రికి మనవాళ్లు, ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను వరసలోనే నడుస్తారు. సైకిల్ మాత్రం ఆ మెట్ల మీద పనికిరాదు. భుజాన వేసుకుని పోతే తప్ప.

నా మనసు ఎక్కువగా నిలిచేది శ్రీశైలం దగ్గర కాదు, ఆ తర్వాతి మజిలీ దగ్గర. కొండ దిగిన వీరాస్వామయ్య హైదరాబాదు పోవాలి. భవనాశి వచ్చి కృష్ణలో కలిసేచోట, నివృత్తి సంగమం దగ్గర, నది దాటాడు. ఇవాళ మనం సప్తనది సంగమం, సంగమేశ్వరం అంటున్నది ఆ చోటే. కృష్ణలో అప్పుడు దాటింపు పుట్టిలో. వెదురు బుట్టకు తోలు తొడిగి, గుండ్రంగా తిరుగుతూ పోయే పుట్టి. అవతల ఒడ్డున నిజాం రాజ్యం. అక్కణ్నుంచి పానగల్లు, వనపర్తి, జడచర్ల మీదుగా తిన్నగా హైదరాబాదు. సంస్థానాల వాళ్ల పరస్పర కలహాల్లో రైతుల ఊళ్లు ఎలా నలుగుతున్నాయో కూడా రాస్తూ పోయాడు. దుబాసీ కదా, ఇరుపక్షాల మాటా వినడం అలవాటు.

ఆత్మకూరు, సంగమేశ్వరం, వనపర్తి. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసినట్టుండే దారి. తర్వాత నూట యాభై ఏళ్లకు అది మునిగిపోయింది.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట 1981కి పూర్తయింది. వందకు పైగా ఊళ్లు, దాదాపు లక్షమంది జనం కదలాల్సి వచ్చింది. గుళ్లకు కొంత అదృష్టం ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ పైకి తెచ్చారు. ఇళ్లకు అలాంటి ఏర్పాటేమీ జరగలేదు. వీరాస్వామయ్య పుట్టి దిగిన చోటు ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. వేసవిలో నీరు బాగా తగ్గినప్పుడు సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది. వేపమొద్దు లింగానికి పూజలు జరుగుతాయి. వానలొస్తే మళ్లీ మునక.

అందుకే ఇప్పుడు కొల్లాపూర్ నుంచి ఆత్మకూరుకు రోడ్డు మీద పోవాలంటే కర్నూలు చుట్టి నూట యాభై కిలోమీటర్ల పైమాట. సైకిల్ వాళ్లు ముచ్చటపడే చుట్టు నిజానికి తెగిపోయిన దారి మిగిల్చిన చుట్టు.

ఇక్కణ్నుంచి కథ చిక్కుపడుతుంది. ఈ పల్లెల్లో ఒకప్పుడు అట్లాస్ సైకిలో హీరో సైకిలో ఉంటే, అది పాలక్యాను, ఎరువు బస్తా, బడిపిల్ల, అన్నీ మోసేది. గంటకింతని అద్దె సైకిళ్లు తెచ్చి, సీటు అందక అడ్డతొక్కుడు తొక్కిన తరం ఇప్పుడు మనవలకు ఆ కథలు చెబుతోంది. ఆ సైకిళ్ల స్థానంలో మోటారు బైకులొచ్చాయి. సైకిల్ మళ్లీ వచ్చింది గానీ హైదరాబాద్ నుంచి, హెల్మెట్‌తో, ఎన్నో గేర్లతో. ఎత్తు ఎంత ఎక్కిందీ ఫోనే చెబుతుంది. టీకొట్టు దగ్గర పెద్దాయన దాన్ని ఒంటిచేత్తో లేపి చూసి ధర అడుగుతాడు. విన్నాక కింద పెట్టేస్తాడు.

మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు, మంచిదే. 2014లో రాష్ట్రం విడిపోయాక జలాశయానికి ఈ ఒడ్డు ఒక రాష్ట్రం, ఆ ఒడ్డు ఇంకో రాష్ట్రం. అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ వేయాలన్న ప్రతిపాదన ఒకటుంది. ఇప్పటి దారిలో ఆనకట్ట కిందికి దిగే మలుపులు, అవతల శ్రీశైలం ఒడ్డున సున్నిపెంట వైపు ఎక్కే మలుపులు దేశంలో ఎక్కడి సైకిల్ దారికీ తీసిపోవు. కానీ కారు వాడికి ఆ మలుపే అడ్డం.

ఇంత చుట్టెందుకు, అడ్డంగా దాటడానికి పడవ ఉందిగా అనకండి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా చనిపోయారు. వంతెన కోసం కొల్లాపూర్ వైపు జనం అడుగుతూనే వచ్చారు. 2022లో కేంద్రం కల్వకుర్తి నుంచి నంద్యాల దాకా పోయే 167కె జాతీయ రహదారి కోసం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కేబుల్ వంతెనకు ఆమోదం చెప్పింది. వెయ్యికోట్ల పైచిలుకు ఖర్చు. ఆ రహదారి గీత చూడండి: ఆత్మకూరు, కృష్ణ, కొల్లాపూర్. వీరాస్వామయ్య దారి దాదాపు అదే.

ఇంజనీర్లకు ఒక విన్నపం. ఆ వంతెన మీద పర్యాటకుల కోసం అద్దాల నడకదారి వేస్తారట, వేయండి. దాని పక్కనే సైకిల్‌కు ఒక వరస వదలండి, రెండు మీటర్లు చాలు. ఖర్చు మిగిలితే సిద్ధేశ్వరం ఒడ్డున ఏనుగుల వీరాస్వామయ్య పేరుతో ఒక బోర్డు పెట్టండి. దాని మీద నీళ్లెక్కడ దొరుకుతాయో, తర్వాతి ఊరు ఎంత దూరమో కూడా రాయండి.