తీసివేతలో దొరికిన హైడ్రోజన్

గెలాక్సీల్లో వాయువును కనిపెట్టిన చరిత్ర అనగానే డిష్‌ల సైజులు వల్లించడం మామూలైపోయింది. నిజానికది తీసివేత లెక్క తీరుపడిన కథ. హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెలువరిస్తుందని 1944లో డచ్ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ లెక్కగట్టాడు. రిసీవర్ సొంత రొద ముందు ఆ తరంగం ఏ మూలకు! 1951 మార్చి 25న హార్వర్డ్‌లో ఈవెన్, పర్సెల్ మన పాలపుంతలో దాన్ని పట్టుకున్నది మహా డిష్‌తో కాదు, ల్యాబ్ కిటికీలోంచి బయటికి పెట్టిన గరాటులాంటి యాంటెన్నాతో. వానొస్తే ఆ గరాటులోంచి నీళ్లు గదిలోకే వచ్చేవి. కిటుకంతా రిసీవర్‌లో ఉంది. ఆ తరంగపు ఫ్రీక్వెన్సీ అయిన 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకసారి, కాస్త పక్కన ఇంకోసారి, మార్చి మార్చి విని ఒకదాన్లోంచి ఒకటి తీసేశారు. రెండింట్లోనూ ఉన్న రొద పోయి తేడా మిగిలింది.

దూరపు గెలాక్సీల దగ్గర ఈ పద్ధతి ఇబ్బంది పెట్టింది. తిరిగే గెలాక్సీలో సంకేతం సెకనుకు వందల కిలోమీటర్ల వేగాల మేర పరుచుకుంటుంది. దాన్ని దాటేంత పక్కకు జరిగితే రిసీవర్ తీరే మారిపోతుంది. అందుకని ఫ్రీక్వెన్సీ కదలకుండా డిష్‌నే కదిలించారు: కొన్ని నిమిషాలు గెలాక్సీ మీద, అన్నే నిమిషాలు పక్కనున్న ఖాళీ ఆకాశం మీద. అరెసిబో రేడియో టెలిస్కోపులో రెండోసారి కూడా రిసీవర్‌ను మొదటి దారి వెంటే నడిపేవారు. డిష్‌కూ దానిపై వేలాడే నిర్మాణానికీ మధ్య అటూ ఇటూ కొట్టుకునే అలలు అచ్చం వాయువులా భ్రమ పెడతాయి; దారి ఒకటే అయితే అవీ తీసివేతలో పోతాయి. డిష్ పెద్దదైతే చాలదా అంటే, సంకేతం బలపడి సమయం ఆదా అవుతుంది, నిజమే. 305 మీటర్ల అరెసిబో ఆకాశాన్ని తనపైనుంచి జారనిచ్చి, ఆల్ఫాల్ఫా సర్వేలో దాదాపు 31,500 హైడ్రోజన్ మూలాలను నమోదు చేసింది. కానీ ఆ దొంగ అలలు విస్తీర్ణం పెరిగినంత మాత్రాన పోవు.

ఇక అనేక డిష్‌లను కలిపి వాడే ఇంటర్‌ఫెరోమీటర్లు వచ్చాక ఒంటి డిష్ పని అయిపోయిందనేవారున్నారు. వాటిలో ఒక్కో రిసీవర్ రొద ఒక్కో రకం కాబట్టి సంకేతాలను గుణిస్తే దానంతటదే చెదిరిపోతుంది. పైగా పటం దొరుకుతుంది. మామూలు ఫొటోలో విడివిడిగా ఉండే ఎం81, ఎం82, ఎన్‌జీసీ 3077 గెలాక్సీలను వాయు వంతెనలు కలుపుతున్నట్టు 1994లో వీఎల్ఏ అనే ఇంటర్‌ఫెరోమీటర్ పటం చూపింది. అయితే డిష్‌ల మధ్య ఎడం కారణంగా, విశాలంగా పలచగా పరుచుకున్న వాయువు వాటికి చిక్కదు. మొత్తం ఎంతో తేల్చడానికి ఇప్పటికీ ఒంటి డిష్షే దిక్కు.

తీసివేత కూడా చాలని చోట కూడిక అక్కరకొచ్చింది. పుణె దగ్గరి నారాయణగావ్ సమీపంలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీతో, సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు హైడ్రోజన్‌ను 2020లో కొలిచారు. విడిగా చూస్తే వాటిలో ఒక్కదాని హైడ్రోజనూ కనిపించదు.