మురుగులో దాగిన నిప్పు



ఈ రోజు నేను ఎత్తుకున్న సంగతి వినగానే మీలో కొందరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారని నాకు తెలుసు. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి వింటున్నవాళ్ళకు మురుగు గురించి చెప్పడమేమిటి, ఈవిడకు వేరే విషయమే దొరకలేదా అని విసుక్కోవచ్చు కూడా. కాని మన పొయ్యి కథా, ఊరి మురుగు కథా ఒకచోట కలుస్తాయి. ఆ కలిసేచోటు గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మాది అనంతపురం. ఏడాది మొత్తం మీద సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కావలసినప్పుడు పడదు. 1876-78 నాటి ధాత కరువు సంగతి మా అవ్వ తన అవ్వ దగ్గర విని మాకు చెప్పేది. అటువంటి సీమలో ఆడదాని రోజు రెండు వెతుకులాటలతో మొదలయ్యేది. ఒకటి నీళ్ళు, రెండోది వంటచెరకు. కందికట్టె, ఆముదపు కట్టె, వేరుశనగ పొట్టు, ముళ్ళకంప, పిడకలు, ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయేది. మా అవ్వ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే వుండేవి. అది ఆమె కళ్ళ రంగే అనుకునేదాన్ని, పొగ వల్లనని చాలా రోజులకు గాని తెలియలేదు.

మా ఇంటి వెనక ఒక సందు వుండేది. తెల్లవారకముందే ఒకామె తట్ట, రేకు ముక్క, కాస్త బూడిద పట్టుకుని ఆ సందులోంచి వచ్చేది. దొడ్లోని పాతకాలపు మరుగుదొడ్డి శుభ్రం చేసి, తట్ట నెత్తిన పెట్టుకుని వూరి బయటికి పోయేది. వానపడితే ఆ తట్ట ఆమె మొహం మీదికి కారేది. దాహమంటే మా అవ్వ ఎత్తు నుంచి దోసిట్లో నీళ్ళు పోసేది. పండగనాడు మిగిలిన ఓళిగలు ఇచ్చేది. అట్లా ఎన్నేళ్ళు వచ్చిందో లెక్కలేదు. ఆమె పేరేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు.

ఒకవైపు అగ్గికోసం అవ్వ కళ్ళు పోగొట్టుకుంటోంది. ఇంకొకవైపు ఆ అగ్గి పుట్టించగల సరుకే తట్టకెత్తి వూరి బయట పారబోయిస్తున్నాం. ఈ రెంటికీ సంబంధం వుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ సంబంధం ఏమిటో మన వంటింటి అనుభవంతోనే అర్థం చేసుకోవచ్చు. దోసెల పిండి రుబ్బి మూతపెడితే తెల్లారేసరికి పొంగుతుంది గదా. కంటికి కనబడని సూక్ష్మజీవులు పిండిని తిని వాయువును వదలడం వల్ల అది పొంగుతుంది. మురుగూ అంతే. మురుగు అడుగున చేరిన మడ్డిని గాలి చొరకుండా మూసిన తొట్టిలో వుంచితే ఇంకొక జాతి సూక్ష్మజీవులు దాన్ని తిని ఒక గ్యాసును వదులుతాయి. అందులో నూటికి 60 పాళ్ళ దాకా మీథేన్, అంటే మండేది. తక్కినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. ఇంకొంచెం గంధకం కలిసిన వాయువు, కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. ఈ జీవులకు 35 డిగ్రీల వెచ్చదనం బాగా హితం, చలిలో ముడుచుకుపోతాయి. మన ప్రాణాలు తోడేసే అనంతపురం ఎండ వాటికి విందన్నమాట. మూడు నాలుగు వారాలకు వాటి పని అయ్యాక మిగిలే మడ్డిలో కంపు చాలామట్టుకు పోతుంది. దాన్ని పదునుపరిస్తే పొలానికి మంచి ఎరువు.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకి తేలిన బుడగలను సీసాకు పట్టి వెలిగించి చూశాడు. మన పల్లెల్లో చిత్తడినేలల మీద రాత్రిళ్ళు కనబడే కొరివిదయ్యాలకు కూడా ఈ గ్యాసే కారణమని చెబుతారు. 1895లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ పట్నంలో డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజనీరు ఊరి మురుగు కోసం మూసిన తొట్టి కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరుపెట్టి, అందులో పుట్టిన గ్యాసుతో దీపాలు వెలిగించాడు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ దీపం మన దేశానికి వచ్చింది. ఎక్కడికనుకున్నారు? గవర్నరు బంగళాకు మాత్రం కాదు. 1897లో బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమానికి. ఆ ఆశ్రమం మురుగుతొట్టిలో పుట్టిన గ్యాసుతో అక్కడ దీపాలు వెలిగాయి. అందరూ అంటరాదని వెలివేసిన మనుషుల దగ్గర, అందరూ అంటరాదనుకున్న వస్తువుతో మొదటి వెలుగు వచ్చింది. ఈ ముక్క చదివిన రోజున నాకు మా సందులోని ఆమె గుర్తుకొచ్చింది.

ఆ తరువాత దేశం చూపు మురుగు మీదనుంచి పేడమీదికి మళ్ళింది. పేడకు మనలో అంటు లేదు గదా, దానితో ఇల్లే అలుక్కుంటాం. 1939లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయంలో ఎస్.వి. దేశాయి పేడ గ్యాసు మీద ప్రయోగాలు చేశారు. 1951లో జష్‌భాయి పటేల్ ఇనప డ్రమ్ము పైకీ కిందికీ తేలే తొట్టి తయారుచేసి దానికి గ్రామలక్ష్మి అని చక్కని పేరు పెట్టారు. 1960ల మొదట్లో ఖాదీ కమిషను దాన్ని పల్లెలకు తీసుకుపోయింది. 1973లో చమురు ధరలు భగ్గుమన్న తరువాత గోబర్ గ్యాసు మాట అందరి నోటా వినబడింది. 1981-82లో జాతీయ పథకం వచ్చింది. 1984లో ఇనుముతో పనిలేకుండా ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు వచ్చి ఖర్చు తగ్గించింది.

మరి మా సీమలో ఇంటింటా ఎందుకు నిలవలేదంటారా? లెక్క చూడండి. ఒక కుటుంబానికి సరిపడే 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు. పేడతో సమానంగా నీళ్ళు కలపాలి, అంటే మూడు నాలుగు కడవలు. కరువు రాగానే మొదట పోయేది గడ్డి. దాని వెనక పశువు సంతకు పోతుంది. తాగడానికే నీళ్ళు లేనప్పుడు తొట్టికి నీళ్ళెవరు మోస్తారు? మోయవలసింది మళ్ళీ ఆడదే. పశువులు పోయిన దొడ్లో గ్యాసు డ్రమ్ము బోర్లించిన బానలాగ కూర్చుంటుంది.

ఈ చిక్కును మా పొరుగు జిల్లా తుమకూరులో ఒక వూరు మరో విధంగా విప్పింది. బెంగుళూరు విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య కుమార్ రెడ్డిగారు పల్లెలకు పనికివచ్చే శాస్త్రం కోసం ఆస్త్ర అనే విభాగం ప్రారంభించారు. వాళ్ళు పుర అనే పల్లెలో వూరందరికీ కలిపి ఒక గ్యాసు ప్లాంటు కట్టారు. మొదట వంటకే ఇవ్వాలనుకున్నారు, గ్యాసు చాలలేదు. అప్పుడు వూరివాళ్ళు, మాకు ముందు నీళ్ళు కావాలన్నారు. 1987 నుంచి ఆ గ్యాసుతో ఇంజను నడిపి, కరెంటు తీసి, బోరునీళ్ళు కుళాయిలకు ఎక్కించి, ఇళ్ళల్లో దీపాలు వెలిగించారు. పేడ తెచ్చినవాళ్ళకు తూకం వేసి డబ్బిచ్చారు, మిగిలిన మడ్డిని ఎరువుకు తిరిగి ఇచ్చేశారు. నిప్పు ఇవ్వబోతే నీళ్ళడిగారు, ఆ నిప్పుతోనే నీళ్ళు వచ్చాయి. మన సరిహద్దును ఆనుకునే వున్న బాగేపల్లిలోనూ తెలుగు మాట్లాడే కూలి కుటుంబాలు చాలా వున్నాయి. అక్కడి కూలీ సంఘం 2005లో 5,500 ఇళ్ళకు గ్యాసు ప్లాంట్లు పెట్టే పని తలకెత్తుకున్నది. కట్టెల పొగ తగ్గిన మేరకు విదేశాల నుంచి సొమ్ము వచ్చే ఏర్పాటు దానికి ఆసరా.

పల్లెలో పశువు పోతే పేడ పోతుంది. పట్నంలో మాత్రం ఎంత కరువులోనూ ఆరనిది మురుగు ఒక్కటే. మా వూరి మధ్యన పోయే నడిమివంక చూడండి. 2022 అక్టోబరులో వానలకు పొంగి ఇళ్ళల్లోకి వచ్చింది గాని, అటువంటి రోజులు ఏడాదికి ఎన్ని? తక్కిన రోజుల్లో అందులో పారేది మనం వదిలిన నీళ్ళే.

అలాగని ఎవరింటి మురుగుతో వాళ్ళు వండుకోవచ్చని అనుకోకండి. ఒక మనిషి మలంనుంచి రోజుకు వచ్చే గ్యాసు సుమారు ఒక ఘనపుటడుగు. ఒక మనిషి వంటకు కావలసింది సుమారు ఎనిమిది. అంటే ఎనిమిదిమంది కలిస్తే ఒక్కరికి వంట. అంచేత ఇది వూరంతా కలిసి చేయవలసిన పని. ఢిల్లీలో ఓఖ్లా మురుగు కేంద్రం నుంచి చుట్టుపక్కల ఇళ్ళకు గొట్టాలతో వంటగ్యాసు ఇచ్చారు. చెన్నైలో కొడుంగైయూరు, పెరుంగుడి వంటి కేంద్రాల్లో 2005-06 ప్రాంతం నుంచి మడ్డి గ్యాసుతో కరెంటు తీసి, ఆ కేంద్రాలను నడపడానికే వాడుతున్నారు. మురుగు శుద్ధి చేయడానికి ఖర్చయ్యే కరెంటు తక్కువేం కాదు, దాన్ని మురుగే చెల్లించుకోవడం చిన్న సంగతా? మన హైదరాబాదులో బోయినపల్లి కూరగాయల మార్కెట్టు వుంది. అక్కడ 2021 నాటికి రోజుకు పది టన్నుల కుళ్ళు కూరగాయలతో 500 యూనిట్ల కరెంటు తీసే ఏర్పాటు జరిగింది. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతి అది. 2018 నుంచి బెంగుళూరు మురుగును శుద్ధిచేసి ఎండిపోయిన కోలారు చెరువులకు పంపుతున్నారు. నీళ్ళు, ఎరువు, నిప్పు మూడూ ఇచ్చేదాన్ని మనం పెంట అంటున్నాం.

ఇక అసలు చెప్పవలసిన మాట. తొట్టిలో దీపం వెలిగించే ఆ గ్యాసే మ్యాన్‌హోలులో మనిషిని చంపుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, లోపలికి దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. అతన్ని తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. పాయిఖానాలు మనుషులచేత ఎత్తించరాదని 1993లో చట్టం వచ్చింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. దీని వెనక కోలారు బంగారు గనుల వూళ్ళో పాకీపనివారి ఇంట 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి వాళ్ళ పోరాటం వుంది. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో, ముప్ఫై లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పెరిగింది, చావులు మాత్రం ఆగలేదు.

యంత్రాలు, తొట్లు ప్రభుత్వం చూసుకోవాలి, నిజమే. కాని మురుగు మొదలయ్యేది మన ఇంట్లో. గుడ్డపీలికలు, పాలిథిన్ సంచులు, మాడిన నూనె తూములో పోయకండి, పైపులో అడ్డం పడ్డదాన్ని తీయడానికే మనిషిని దింపుతారు. యాసిడ్లు, ఫినాయిలు అతిగా గుమ్మరించకండి, మనకు మేలుచేసే ఆ సూక్ష్మజీవులూ చస్తాయి. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు కాగితంలో చుట్టి చెత్తబండికి విడిగా ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రం వున్న బండినే పిలవండి. ఎవరైనా తక్కువ డబ్బుకు లోపలికి దిగుతానన్నా మీరు ఒప్పుకోకండి. ఇంటాయన ఒప్పుకున్నా మీరు అడ్డం నిలబడండి.

1897లో మాతుంగాలో వెలిగిన దీపం అనంతపురం వంటి వూళ్ళకు కూడా రావాలని నా కోరిక. వచ్చేనాటికి ఆ తొట్టి దగ్గర పనిచేసే మనిషి చేతికి తొడుగు, కాలికి బూటు, నెలకు సరైన జీతం వుండాలి. అతని పేరు వూళ్ళోవాళ్ళకు తెలిసి వుండాలి. మా సందులో వచ్చిన ఆమెకు నేను బాకీపడిన మాట అదొక్కటే.