కోడూరు గనులు: వ్రాసినవారి లెక్క, మోసినవారి లెక్క

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈ ప్రాంతపు చరిత్రను గూర్చి వ్యాసమొకటి వ్రాయవలసినదని పెద్దలు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. మా తాతతండ్రులు గ్రామకరణములు. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండే: లెక్కలు వ్రాయు అలవాటొకటి, అటకమీది పెట్టెలోని పాతపుస్తకములు కొన్ని. మొదటిది నాకు జీవనోపాధి యైనది. రెండవది గురువులేని చదువైనది. కావున ఈ వ్యాసమున పండితుని చూపుకన్న లెక్కలవాని చూపే ఎక్కువగా కానవచ్చును. చదువరులు మన్నింతురుగాక.

చరిత్ర యనగానే మన తగరపువలసవారికి భీమునిపట్టణమందలి డచ్చివారి సమాధులు, పావురాలకొండ, తొట్లకొండ, బావికొండలమీది బౌద్ధావశేషములు తలపునకు వచ్చును. అవి గొప్పవే. అయితే మనకు ఉత్తరముగా విజయనగరము దాటి చీపురుపల్లి త్రోవను పోయినచో, ఏ పురాణమునను కెక్కని మరియొక చరిత్ర నేలమీదనే పరచియున్నది. అది కోడూరు, గరివిడి, దేవాడ, పేరాపి, గర్భాము మొదలగు గ్రామముల మాంగనీసు గనుల చరిత్ర. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము ఆరంభమైనది ఈ సీమలోనే. ఆ గ్రామములు ఆనాడు మన విశాఖపట్టణము జిల్లాలోనివి. 1950లో శ్రీకాకుళము జిల్లాలో చేరినవి. 1979 నుండి విజయనగరము జిల్లాలోనున్నవి. జిల్లాల హద్దులు మారినను నేల మారలేదు గదా.

మన యూరి పేరు విని, ఇచ్చట లోహపు గనులుండెడివా యని పిల్లలు నన్నడుగుచుందురు. తగరమను మాటకు నిఘంటువులలో లోహమను అర్థమొకటి, సుగంధద్రవ్యమిచ్చు మొక్క యను అర్థమొకటి కలవు. వలస యనగా వేరొక చోటినుండి వచ్చినవారు నిలిచిన తావు. ఉత్తరాంధ్రమున ఇట్టి వలసలు లెక్కకు మిక్కిలి. మన సీమలో లోకమునకు తెలిసిన గని తగరపుది గాదు, మాంగనీసుది. అయినను వలస యను మాట ఈ కథకు చక్కగా సరిపోవును. ఆ కాలమున మన పల్లెలవారు బ్రదుకుతెరువునకై ఓడలెక్కి రంగము పోయెడివారు, అస్సాము తేయాకు తోటలకు పోయెడివారు. ఇల్లు విడువనొల్లని వారికి దొరికిన కూలిపనులలో గనిపని యొకటి.

మాంగనీసు ఎందులకు? ఉక్కునకు. కరగిన ఇనుములోని ప్రాణవాయువును గంధకమును విరిచి దానిని గట్టిపరచునది మాంగనీసు. 1856 ప్రాంతమున ఇంగ్లాండులో మషెట్ అను నాతడు బెస్సెమరు పద్ధతిని చేసిన ఉక్కునకు మాంగనీసుగల ముడిలోహము చేర్చి దాని లోపము తీర్చెను. 1882లో హాడ్‌ఫీల్డు మాంగనీసు హెచ్చుగా కలిపి, అరుగుదల లేని క్రొత్త ఉక్కును సృష్టించెను. నాటినుండి రైలుపట్టాలకు, యంత్రములకు, ఆయుధములకు ఈ నల్లరాయి అవసరము పెరిగినది.

1892లో విజయనగరం మైనింగ్ కంపెనీవారు కోడూరు ప్రాంతమున త్రవ్వకము ప్రారంభించిరి. విజయనగర సంస్థానమున ఆనంద గజపతి మహారాజుగారి కాలమది. ఆ యేడే విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదటిసారి రంగస్థలమెక్కినది. ఒకే సంవత్సరమున, కొద్ది క్రోసుల దూరమున, ఒకచోట తెలుగువారి మాట వెలికివచ్చినది, మరియొకచోట తెలుగునేల గర్భములోని రాయి వెలికివచ్చినది. మొదటి దానిని మనము శతజయంతులు చేసికొని స్మరించితిమి. రెండవ దానిని తలచినవారు అరుదు.

మొదటి సంవత్సరపు దిగుబడి 674 టన్నులు. 1900 నాటికి అది 92 వేల టన్నులకు పెరిగినది. ఈ అంకెలు పుస్తకమున చదువుట తేలిక. ఇవన్నియు పైకి తెరచిన గోతులు. పలుగు, పార, సుత్తి, తట్ట – ఇవే పనిముట్లు. తట్టకు 20 కిలోలని నేను లెక్క వేసి చూచితిని. మొదటి సంవత్సరపు రాయి 34 వేల తట్టలైనది. 1900 నాటి రాయి 46 లక్షల తట్టలు దాటినది. ఇది ఓడకెక్కిన రాయి మాత్రమే. దానికై తీసి పారవేసిన మట్టి, పనికిరాని రాయి ఈ లెక్కలో లేవు. టన్ను అన్నచో కంపెనీ గుర్తుకు వచ్చును. తట్ట అన్నచో దాని క్రిందనున్న తల గుర్తుకు వచ్చును.

రాయి కదలుటకు రైలు తోడైనది. 1890ల దశాబ్దిలో తూర్పుకోస్తా రైలుమార్గము ఈ గ్రామముల చేరువగా వచ్చెను. ఖనిజము విశాఖపట్టణము చేరెడిది. అప్పటికి అచ్చట లోతైన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలువగా, పడవలమీద సరకు చేరవేసెడివారు. 1900 ప్రాంతమున మధ్యపరగణాలలో ఇంతకన్న మేలైన నిక్షేపములు త్రవ్వసాగిరి. 1905 ప్రాంతమున రష్యాలో కల్లోలము చెలరేగి కాకసస్ మాంగనీసు రాక తగ్గగా, భారతదేశపు రాతికి గిరాకి హెచ్చినది. 1907లో దేశపు దిగుబడి 9 లక్షల టన్నులు దాటినది. ఆ మధ్యపరగణాల ఖనిజమును సముద్రమునకు చేర్చుట ముఖ్యోద్దేశములలో నొకటిగా, 1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు లోతైన రేవు తెరువబడినది. నేటి విశాఖ మహానగరపు పునాదులలో మాంగనీసు రాయి యున్నదనుట అతిశయోక్తి కాదు.

మన సీమ రాయి మధ్యపరగణాల రాతికి ఎందుకు తీసిపోయినది? కారణము దాని పుట్టుకలోనే కలదు. ఈ రాతిలో ఇనుము, భాస్వరము హెచ్చు. భాస్వరము ఉక్కును పెళుసు చేయును. భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన ఫెర్మరు అను శాస్త్రజ్ఞుడు ఈ గనులను స్వయముగా చూచి, 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములను గూర్చి బృహద్గ్రంథము వెలువరించెను. పొటాషు ఫెల్‌స్పారు, మాంగనీసుగల గార్నెట్టు, భాస్వరపు ఖనిజమగు అపటైటు కలిసిన ఇచ్చటి వింతశిలకు ఆయన మన గ్రామము పేర కోడురైటు అని నామకరణము చేసెను. వ్రెడెన్‌బర్గైటు అను ఖనిజమును ఆయన మొదట వర్ణించిన తావులలో గరివిడి యొకటి. గర్భాములోని ఖనిజపు పట్టీ సుమారు 1600 అడుగుల పొడవున వ్యాపించియుండుట చూచి, ఈ సీమ నిక్షేపములలో దానినే పెద్దదిగా లెక్కించిరి. భూమికి రత్నగర్భ యని పేరు. ఆ గ్రామమునకు ఆ పేరెట్లు వచ్చినను, గని చూచినవానికి అది సార్థకనామమనియే తోచును.

కోడూరు అను రెండు వీధుల పల్లె పేరు ప్రపంచపు శిలాశాస్త్ర గ్రంథములలో నిలిచినది. ఇది మనకు గర్వకారణము. అయితే ఆ శిలను పగులగొట్టిన ఒక్క కూలి పేరైనను ఏ గ్రంథమున నిలువలేదు. ఈ మాట నాకు ఊరక తోచినది కాదు. కొన్నేండ్ల క్రిందట లెక్కల పనిమీద ఆ ప్రాంతమునకు పోయినపుడు ఒక వృద్ధురాలి అరుగుమీద ఎండ తగ్గువరకు కూర్చుంటిని. ఆ యింటి ప్రహరీ నల్లరాళ్లతో కట్టియున్నది. ఈ రాళ్లెక్కడివని అడిగితిని. ఆమె నవ్వి, "గనిలోయే బావూ. మాయమ్మ తట్ట మోసింది. ఎన్ని తట్టలంటే నానేటి సెప్పగలను? రాసినోలు రాసుకున్నారు, మోసినోలు మోసినారు" అనెను.

ఆమె నన్ను నిందింపలేదు. అయినను ఆ మాట నాలో నాటుకొనినది. మా వంశము వ్రాసినవారి వంశము. అర్థశాస్త్రము రెండవ అధికరణమున కౌటిల్యుడు గనులకు ఆకరాధ్యక్షుని నియమింపవలెనని చెప్పి, లోహపరీక్ష, పన్నులు, దొంగతనమునకు దండనలు ఎంతో వివరముగా చెప్పెను. ఆ గ్రంథమును చదివినప్పుడెల్ల లెక్కలవాడనగుటచే ఉప్పొంగెడివాడను. ఆ వృద్ధురాలి మాట విన్న పిమ్మట ఆ ప్రకరణమును మరల తెరచితిని. రాజునకు రావలసినది అందు స్పష్టముగా నున్నది. తట్ట మోసినదాని ముఖము మాత్రము కానరాలేదు. రెండువేల యేండ్లుగా మా వృత్తి యొక్క గుణమిది, దోషమును ఇదియే.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలలోని గనుల హక్కు ప్రభుత్వమునకు సంక్రమించినది. 1950ల దశాబ్దిలో గరివిడిలో ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారము వెలసి, రాతిని రాతిగానే పంపక ఇచ్చటనే కరగించి ఫెర్రోమాంగనీసు చేయుట ఆరంభమైనది. 1966లో విశాఖ ఉక్కునకై ఆంధ్రదేశమంతయు ఉద్యమించినది. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992 ఆగష్టు 1వ తేదీన ఆ కర్మాగారము జాతికి అంకితమైనది. గర్భాము మాంగనీసు గని దానికి స్వంతగనులలో నొకటియైనది. 1892 నుండి 1992 వరకు సరిగా నూరేండ్లు. పరదేశపు ఉక్కునకై బయలుదేరిన రాయి, నూరవయేట మన ఉక్కునకు చేరినది. ఈ నూరేండ్ల వృత్తమును పూర్తిగా చూచిన సీమ మరియొకటి అరుదు.

ఇపుడా నేల ఎట్లున్నది? తాటిచెట్ల నడుమ త్రవ్విపోసిన మట్టిగుట్టలు, వానకు జారిన ఎర్రని చరియలు, పచ్చని నీటితో నిండిన లోతైన గోతులు, అచ్చటచ్చట ఎండకు మెరయు నల్లపెల్లలు. క్రొత్తగా పోవువానికి అది పాడుపడిన నేల. మా రెవెన్యూ భాషలో అట్టిది పోరంబోకో బంజరో యగును. గట్టులమీద పశువులు మేయుచుండును. గోతుల యొద్దకు పిల్లలను పోనీయక తల్లులు కేకలు వేయుచుందురు. చూడ నేర్చినవానికి అదొక తెరచిన పుస్తకము. ఏ చరియ పలుగుతో త్రవ్వినదో, ఏది యంత్రముతో త్రవ్వినదో ఆ గీతలే చెప్పును. భీమునిపట్టణము చెంతనున్న ఎర్రమట్టి దిబ్బలను భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. గాలి, నీరు మలచినవి గనుక అవి పూజ్యములు. మనుష్యుల చేతులు మలచిన గోతులు ఎందుకు కావు?

ఇదంతయు చీపురుపల్లి వైపువారి సంగతి, మనకేమి యని కొందరనవచ్చును. చిట్టివలస జూటుమిల్లును తలచుకొనుడు. భీమిలి గోగునార ఒకనాడు మన రేవు పేరనే విదేశములలో అమ్ముడుపోయినది. మన కండ్ల యెదుటనే ఆ మిల్లు 2009లో మూతపడినది. దాని కూత విని గడియారము సరిచేసికొన్న ఇండ్లెన్ని మన యూర లేవు! అందు పనిచేసినవారు ఇంకను మన నడుమ గలరు. వారి పని పేర్లు, యంత్రముల పేర్లు, సమ్మెల జ్ఞాపకములు, జీతపు చీట్లు మనము వ్రాసి పెట్టితిమా? లేదు. గనులకు జరిగిన అన్యాయమే మిల్లునకును జరుగుచున్నది. ఈసారి అన్యాయము చేయువారము మనమే.

కావున రజతోత్సవ సమయమున నా విన్నపమొకటి. మన గ్రంథాలయమున ఒక బీరువాలో ఒక అరను పనిచేసినవారికై కేటాయింపవలెను. అందు కోడూరు రాతిముక్క యొకటి ఉంచుదము. ఇండ్లలోనున్న పాత హాజరుచీట్లు, ఛాయాచిత్రములు, పనిముట్లు అడిగి తెచ్చి ఉంచుదము. సెలవుదినములలో మన బాలబాలికలు నోటుపుస్తకములతో పెద్దల అరుగులమీద కూర్చుండి, వారు చెప్పినది వారి యాసలోనే వ్రాసికొనవలెను. దిద్దరాదు. ఆ పుస్తకములు చిరుగకుండ కుట్టించి, వరుససంఖ్యలు వేసి, పట్టికలో చేర్చు పని నేను చేసెదను. అది నాకు వచ్చిన విద్య.

ఆ వృద్ధురాలి తల్లి పేరు నేను ఆ దినమున అడిగి వ్రాసికొనలేదు. మరుసటి సంవత్సరము పోవునప్పటికి ఆమెయును లేదు. నా యేబదియేండ్ల లెక్కలలో సరిచేయలేని తప్పు అదియొక్కటి. మన గ్రంథాలయపు స్వర్ణోత్సవ సంచిక వచ్చునాటికి, మోసినవారి పేర్లును వ్రాసియుండునుగాక.