ఫిషింగ్ ప్లానెట్‌లో రాడ్, రీల్, లైన్, డ్రాగ్‌ల పొందిక

ఫిషింగ్ ప్లానెట్ ఉక్రెయిన్‌లో రూపొందిన గాలం వేట వీడియో గేమ్. 2015లో స్టీమ్‌లో విడుదలైంది, ఉచితంగా ఆడవచ్చు. ఆట టెక్సస్‌లోని లోన్ స్టార్ సరస్సు దగ్గర మొదలవుతుంది. అక్కడి చిన్న చేపలకు ఏ సరంజామా అయినా చాలు. పెద్ద చేపలున్న నీళ్లకు వెళ్లాకే రాడ్ (గాలం కర్ర), రీల్ (దారం చుట్టే యంత్రం), లైన్ (దారం) బలాలు ఒకదానికొకటి కుదరకపోతే ఏమవుతుందో తెలిసివస్తుంది.

చేప లాగుతున్నప్పుడు ఈ మూడింటి మీద ఎంత భారం పడుతోందో తెరమీద సూచికలు చూపిస్తాయి. మూడింటిలో ఏది బలహీనమైతే అదే ముందు తెగుతుంది, లేదా విరుగుతుంది. అలా జరగకుండా కాపాడేది డ్రాగ్. ఇది రీల్‌లో దారం చుట్టి ఉండే స్పూలును పట్టి ఉంచే బ్రేకు. చేప లాగే బలం దాని బిగింపును మించగానే స్పూలు జారి దారాన్ని వదులుతుంది. ఇంట్లో ఫ్యూజు చేసే పని లాంటిదే ఇది. అందుకే డ్రాగ్ బిగింపు లైన్ బలం కన్నా, లైన్ బలం రాడ్ మోయగల బరువు కన్నా తక్కువగా ఉండాలి.

ఉదాహరణకు రాడ్ 5 కిలోలు, లైన్ 4 కిలోలు ఓర్చుకుంటాయనీ, రీల్ గరిష్ఠ డ్రాగ్ 6 కిలోలనీ అనుకుందాం. అంగట్లో చూస్తే ఈ రీల్ ఘనంగానే కనిపిస్తుంది. కానీ దాన్ని చివరిదాకా బిగిస్తే స్పూలు జారకముందే దారం పుటుక్కుమంటుంది. దారంతో పాటు ఎర కూడా పోతుంది. అదే రీల్‌ను 3 కిలోల దగ్గర ఉంచితే చేప గట్టిగా గుంజినా దారం తెగకముందే స్పూలు జారుతుంది, పోరు మాత్రం కొంచెం సాగుతుంది. గరిష్ఠ డ్రాగ్ అంకె చూసి మురిసిపోయి, లైన్ దగ్గర పొదుపు చేయడం కొత్తవాళ్లకు చేటు. నిజమైన వేటలో ఇంకా జాగ్రత్తపడి, డ్రాగ్‌ను లైన్ తెగే బలంలో పావు నుంచి మూడో వంతు వరకే ఉంచుతారు. దానికి కారణం ఉంది. దారం బయటికి పోయేకొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసార్ధం సగమైతే, డ్రాగ్ మీట కదపకపోయినా దారం మీద లాగుడు రెట్టింపవుతుంది.

అలాగని లైన్‌ను ఊరికే లావు చేయడం పరిష్కారం కాదు. స్పూలులో పట్టే పొడవు దారం మందం వర్గానికి విలోమంగా మారుతుంది. 0.20 మిల్లీమీటర్ల దారం బదులు 0.28 మిల్లీమీటర్లది చుడితే దాదాపు సగం పొడవే పడుతుంది. దూరం పరిగెత్తే చేప తగిలితే స్పూలు ఖాళీ అవుతుంది. అల్లిన దారం, అంటే బ్రెయిడ్, సన్నగా ఉండి ఎక్కువ బలం ఇస్తుంది, కానీ దాదాపు సాగదు. ఒంటిపోగు నైలాన్ దారం, అంటే మోనో, సాగి కుదుపులను తట్టుకుంటుంది. ఫ్లోరోకార్బన్ దారం నీళ్లలో తక్కువగా కనిపిస్తుంది.

రీల్ గేర్ నిష్పత్తి విషయం చిన్నదే. 5.2:1 అంటే పిడి ఒక్కసారి తిప్పితే దారాన్ని స్పూలుకు చుట్టే రోటరు 5.2 సార్లు తిరుగుతుంది. నిష్పత్తి పెరిగితే వేగం పెరుగుతుంది, బరువును లాక్కొచ్చే బలం తగ్గుతుంది.

పోరు మధ్యలోనూ డ్రాగ్‌ను సవరించుకోవచ్చు. చేప పరుగు తీసేటప్పుడు ఒక మెట్టు వదిలి, అలిసి నెమ్మదించాక ఒక మెట్టు బిగిస్తే, సన్నని దారంతోనూ పెద్ద చేపను ఒడ్డుకు చేర్చవచ్చు.