చెరిపి రాసుకునే సీడీ: మనది కాని కంప్యూటర్‌లో మన పలక



అక్షరం మన వాడకు ఏ దారిన వచ్చిందో ఈ వరుసలో చెప్పుకుంటున్నాం. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత హైదరాబాద్‌లో మన పిల్లల కోసం బడులు నడిపిన భాగ్యరెడ్డి వర్మ దగ్గర మొదలుపెట్టాం. ఈసారి కంప్యూటర్ వంతు. ఇప్పటి పిల్లలు చాలామంది చేత్తో పట్టుకోని ఒక వస్తువుతో ఆ కథ చెబుతాను. అది చెరిపి మళ్లీ రాసుకునే సీడీ.

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ చరిత్ర రాసేవాళ్లు అక్కడే మొదలుపెడతారు. అందులో ముఖ్యమంత్రులుంటారు, కంపెనీలుంటాయి. రాళ్లు మోసిన కూలీలు, ఆ అంతస్తులు ఊడ్చే అమ్మలు ఉండరు. వాళ్ల పిల్లలకు కంప్యూటర్ ఎట్లా అందిందన్న ప్రశ్న అసలే ఉండదు.

అద్దెకు అందింది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో గంట లెక్కన. లేదంటే కాలేజీ ల్యాబులో వారానికో పూట. గంటకు డబ్బులు ఎట్లాగో పుట్టేవి. మనం రాసుకున్నది దాచుకునే చోటే పుట్టేది కాదు. నేను చదివిన ఒక కాలేజీ ల్యాబులో మిషన్ ఆపి మళ్లీ వేస్తే అంతకుముందు చేసిన పనంతా మాయమయ్యేలా పెట్టారు. తెలుగు ఫాంటు వేసుకోవాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది మనకివ్వరు. తెలుగు సాహిత్యం చదివేవాడి ముందు తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి.

దీనికి దారి దూరదేశాల్లో తయారైంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఎవరైనా వాడొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అన్నాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ విడుదల చేశాడు. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ మొత్తం వ్యవస్థను ఒక్క సీడీలో పెట్టి నాపిక్స్ ఇచ్చాడు. సీడీ వేసి మిషన్ ఆన్ చేస్తే లినక్స్ నడుస్తుంది. హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్ జోలికి పోదు. సీడీ తీసేస్తే మిషన్ ఎప్పటిలాగే ఉంటుంది. దీన్నే లైవ్ సీడీ అన్నారు.

అయితే మామూలు లైవ్ సీడీకి జ్ఞాపకం లేదు. మన పని దాచాలంటే మళ్లీ ఇంకో చోటు వెతుక్కోవాలి. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ లినక్స్ ఈ చిక్కు విప్పింది. అది చాలా తేలిక. తొలి రోజుల్లో వంద ఎంబీ లోపే ఉండేది. మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది కాబట్టి పాత మిషన్‌లోనూ చురుగ్గా కదిలేది. ఆపేటప్పుడు మన ఫైళ్లను, మనం చేసుకున్న మార్పులను అదే సీడీలో మిగిలిన చోట కొత్త సెషన్‌గా రాసేది. మళ్లీ వేస్తే వాటన్నిటినీ చదువుకొని, వదిలిన చోటు నుంచి మొదలయ్యేది. కావలసిందల్లా ఆ మిషన్‌కు సీడీ రైటర్.

రీరైటబుల్ సీడీ అయితే నిండాక తుడిచి, పప్పీని మళ్లీ ఎక్కించుకోవచ్చు. అందులోని లోహపు పొరను లేజర్ వేడితో ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుస్తారు. సుమారు వెయ్యిసార్లు రాయొచ్చని లెక్క. గీతలు పడితే అంతకుముందే పోతుంది. పోతన ఫాంటు ఒకసారి వేసి సేవ్ చేసుకుంటే చాలు, ఏ మిషన్‌లో కూర్చున్నా తెలుగు మనతో వచ్చేది. అది మన పలక. పలక మనదైతే ఎవరి అరుగు మీద కూర్చున్నా మన అక్షరమే రాస్తాం.

జాషువా 'గబ్బిలం' 1941 నాటిది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడగలిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఆ కావ్యం పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఈ సీడీ గుర్తొస్తుంది. అయితే కబురు వెళ్లినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. చాలా నెట్ సెంటర్లలో సీడీతో బూట్ కాకుండా తాళం వేసేవాళ్లు. మిషన్ యజమాని సరే అంటేనే మన పలక పనికొచ్చేది.

మన దగ్గర కూడా పని జరిగింది. గచ్చిబౌలి కేంద్రంగా ఉన్న 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. పిల్లల కోసం బాలస్వేచ్ఛ, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఈ-స్వేచ్ఛ తయారుచేసింది. బెంగళూరులో ఒక మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు నడిపిన కేంద్రానికి అంబేద్కర్ పేరే పెట్టారు. సెలవు రోజుల్లో ఐటీ ఉద్యోగులు వచ్చి లినక్స్ మిషన్ల మీద పిల్లలకు నేర్పేవాళ్లు.

ఈ పనిని గౌరవిస్తూనే ఒక మాట అడగాలి. కోడ్ అందరిదీ అన్నారు, బాగుంది. కోడ్ చదివే ఇంగ్లీషు, కూర్చొని చదివే తీరిక, కరెంటున్న గది ఎవరివి? లైసెన్సులో కులం లేదు. గదిలో ఉంది. బాబాసాహెబ్ బోధించు, సమీకరించు, పోరాడు అన్నప్పుడు ఈ మూడూ కలిపే చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇవ్వడం బోధనలో ఒక ముక్క మాత్రమే.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, కొత్త ప్రాసెసర్ కావాలి. కాబట్టి బాగా నడిచే మిషన్లు కూడా ఆఫీసుల నుంచి తుక్కు కింద బయటికొస్తాయి. ఆ తుక్కు విప్పే చేతులు ఏ బస్తీలవో మీకు చెప్పనక్కర్లేదు. ఆ మిషన్లు తుక్కు కొట్టుకు పోకముందే మన హాస్టళ్లకు రావాలి. ఇప్పుడు సీడీ డ్రైవులు లేవు, ఆ పని పెన్‌డ్రైవ్ చేస్తుంది. పప్పీ ఇంకా బతికే ఉంది, ఇంకా ఉచితమే.

కారిడార్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్క ఆదివారం ఇవ్వండి. మీ కంపెనీ తీసేస్తున్న మిషన్లు ఇప్పించగలరేమో అడగండి. దగ్గర్లోని సంక్షేమ హాస్టల్‌కు వెళ్లి, ఒక పిల్లకు బూట్ చేయడం నేర్పండి. ఆమె ఇంకో పిల్లకు నేర్పుతుంది.

జై భీమ్!