డబ్లిన్‌లో మన బరంపురం విద్యార్థి

వి.వి. గిరి గారి పేరు వినని తెలుగువారు నా తరంలో ఉండరు. అయితే ఆ పేరుకు మించి తెలిసినవారూ పెద్దగా లేరు. పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఆయనకు దక్కింది ఒక్క వరుస: భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి, జన్మస్థలం బరంపురం, భారతరత్న 1975. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అందరిలాగే నేనూ ఆ వరుస బట్టీ పట్టాను. ఉద్యోగరీత్యా డబ్లిన్ వచ్చిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆఫీసులో ఒక ఐరిష్ పెద్దమనిషి, "మీ దేశానికి అధ్యక్షుడుగా చేసిన ఒకాయన ఇక్కడే చదువుకున్నాడు, 1916లో ఇక్కడి నుంచి వెళ్ళగొట్టారు, తెలుసా?" అని అడిగాడు. ఆ సాయంత్రం నుంచే ఈ వెతుకులాట మొదలైంది. ఇప్పుడు మన పిల్లలు ప్రతి సెప్టెంబరులో సూట్‌కేసులు లాక్కుంటూ దిగుతున్న ఈ ఊరికి, నూరేళ్ళ క్రితమే వచ్చిన ఒక తెలుగు కుర్రవాడి చదువు కథ మన సభల సంచికలో ఉండాలనిపించి రాస్తున్నాను.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అది అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. ఒరిస్సాలో కలిసింది 1936లో. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కొడుకు బారిస్టరు కావాలన్న కోరిక ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళలో మామూలే. బారిస్టరు అంటే లండన్ వెళ్ళాలి. మరి ఈయన 1913లో డబ్లిన్ ఎందుకు వచ్చారు?

దీనికి జవాబులో సగం లండన్‌లోనే ఉంది. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా అనే ఇంజనీరింగ్ విద్యార్థి లండన్‌లో కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చి చంపాడు. ఆ తరువాత ఇంగ్లండులో భారతీయ విద్యార్థి అంటేనే అనుమానం. ఇండియా ఆఫీసు విద్యార్థుల కోసం ఒక ప్రత్యేక శాఖ పెట్టింది. సహాయం పేరు, నిఘా పని. బారిస్టరు పట్టా ఇచ్చే లండన్ ఇన్స్ ఆఫ్ కోర్టులు కూడా భారతీయుల ప్రవేశానికి నియమాలు బిగించాయి. ఆ సమయంలో డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ తలుపు తెరిచే ఉంది. ఐర్లండ్ బారిస్టరుకూ మన హైకోర్టుల్లో వాదించే హక్కు ఉండేది. 1913లో భారతీయ విద్యార్థులు కొందరు డబ్లిన్ చేరారు. వారిలో గిరి గారు ఒకరు.

మిగతా సగం ఐర్లండే. తెల్లవారి దేశమే అయినా అది కూడా మనలాగే ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న దేశం. మన బాపట్లలో 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ జరుగుతున్న రోజుల్లో, ఇక్కడ స్వపరిపాలన బిల్లు మీద దేశం రెండుగా చీలి ఉంది. అదే మే 17న డబ్లిన్ అబ్బే థియేటర్‌లో రవీంద్రుని 'పోస్ట్ ఆఫీస్' నాటకం ఆడారు. గిరి గారు ఓడ దిగేసరికి ఊరంతా ఇలా ఉడికిపోతోంది.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. కింగ్స్ ఇన్స్‌లో బారిస్టరు కావాలంటే పరీక్షలు ప్యాసైతే చాలదు. ప్రతి టర్ములోనూ లెక్క ప్రకారం అక్కడి హాలులో అందరితో కూర్చుని రాత్రి భోజనాలు చెయ్యాలి. భోజనం మానేస్తే టర్ము పోయినట్టే. అటెండెన్స్ తక్కువై కండొనేషన్ ఫీజు కట్టిన మా ఇంజనీరింగ్ కాలేజీ మిత్రులకు ఈ ఏర్పాటు సంగతి చెబితే ఒక పట్టాన నమ్మలేదు. ఆ ఆచారం ఇప్పటికీ నడుస్తోంది.

గిరి గారు కింగ్స్ ఇన్స్‌తో పాటు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో బి.ఏ.లో కూడా చేరారు. ఇప్పుడు యు.సి.డి. అంటే ఊరి దక్షిణాన బెల్‌ఫీల్డ్‌లోని పెద్ద క్యాంపస్. అప్పుడు ఊరి నడిమధ్యన, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పార్కు పక్కన ఉండేది. ఎర్ల్స్‌ఫోర్ట్ టెర్రస్‌లోని ఆ కాలేజీ భవనం ఈనాడు నేషనల్ కన్సర్ట్ హాలు. అందులో సంగీత కచేరీకి వెళ్ళే మనవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో.

ఆ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుల్లో థామస్ మెక్‌డొనా అనే కవి ఒకరు. గిరి గారు ఆయన విద్యార్థి. తరగతి గదిలో కవిత్వం చెప్పే ఆ మనిషి బయట తిరుగుబాటు సైన్యానికి నాయకుడు. 1916 ఐర్లండ్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు.

కానీ గిరి గారి మీద గట్టి ముద్ర వేసింది తరగతి గది కాదని నా అభిప్రాయం. ఆయన వచ్చిన ఏడాదే, 1913 ఆగస్టు చివరలో, డబ్లిన్‌లో ట్రాములు నిలిచిపోయాయి. జిమ్ లార్కిన్ నడిపే రవాణా కార్మికుల యూనియన్‌లో చేరినవారికి పని ఇవ్వమని యజమానులు ఒక్కటయ్యారు. దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పని లేకుండా వీధిన పడ్డారు. లార్కిన్ పక్కన నిలబడ్డ మరో నాయకుడు జేమ్స్ కానోలీ. 1914 మొదట్లో ఆకలి తట్టుకోలేక కార్మికులు ఓడిపోయి పనుల్లోకి వెళ్ళారు. పందొమ్మిదేళ్ళ వకీలు గారి అబ్బాయికి బరంపురంలో ఇలాంటి దృశ్యం కనిపించే అవకాశమే లేదు. కానోలీ, డి వలేరా వంటివారితో తన పరిచయాల గురించి ఆయన 1976లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నారు. అరవై ఏళ్ళ తరువాతి జ్ఞాపకాలు కదా, ఎవరితో ఎంత చనువు అన్నది నేను గట్టిగా పట్టుకోను. కళ్ళ ముందు ఒక సమ్మె ఎలా నడిచిందో, ఎలా విరిగిందో చూశారన్నది మాత్రం ఆయన తరువాతి జీవితమంతా చెబుతూనే ఉంది.

భారతీయ విద్యార్థులు ఊరికే కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న అవమానాల మీద పేరు లేని కరపత్రం ఒకటి తెచ్చారు. అది నిఘావారి చేతిలో పడింది. అప్పటినుంచి వీరి గదుల మీద కన్ను. 1914లో గిరి గారు లండన్ వెళ్ళి గాంధీ గారిని కలిశారు. యుద్ధంలో రెడ్‌క్రాస్ సేవకు చేరమని గాంధీ గారు అడిగితే ముందు సరేనన్నారు, తరువాత మనసొప్పక వెనక్కి తగ్గారు.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. తిరుగుబాటుదారులు డబ్లిన్‌లో ముఖ్య భవనాలు ఆక్రమించారు. కాలేజీ ఎదుటి స్టీఫెన్స్ గ్రీన్ పార్కులోనే కందకాలు తవ్వారు. ఏప్రిల్ 29న లొంగిపోయారు. మే 3న మెక్‌డొనాను కిల్‌మైనం జైలులో కాల్చి చంపారు. మే 12న కానోలీని చంపారు. గాయాలతో నిలబడలేని మనిషిని కుర్చీకి కట్టి మరీ కాల్చారు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను నేను ఆ జైలు చూపించడానికి తీసుకువెళుతుంటాను. ఆ రాళ్ళ పెరడులో కానోలీ కోసం ఒక శిలువ, మిగిలినవారి కోసం మరొక శిలువ నాటి ఉంటాయి. మావాళ్ళు అక్కడ ఫొటో తీసుకోవడానికి ఎందుకో జంకుతారు.

తిరుగుబాటు తరువాత భారతీయ విద్యార్థుల గదుల్లో సోదాలు జరిగాయి. జూన్ 1న గిరి గారికి నోటీసు అందింది: నెల రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. జూన్ 21న ఆయన బారిస్టరుగా నమోదయ్యారు. యు.సి.డి. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు. మూడేళ్ళ చదువులో ఒక పట్టా చేతికొచ్చింది, మరొకటి నోటీసుతో పోయింది.

తిరిగి వచ్చి మద్రాసులోనూ, బరంపురంలోనూ ప్రాక్టీసు పెట్టారు. ఆ ప్రాక్టీసు ఎక్కువ కాలం సాగలేదు. సహాయ నిరాకరణలో దిగారు, ఆ తరువాత రైల్వే కార్మికుల దగ్గరకు చేరారు. బరంపురం మీదుగా పోయేది బెంగాల్ నాగపూర్ రైల్వే. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో. అక్కడ పనిచేసేవారిలో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన తెలుగువారు ఎందరో. 1927-28లో పనివాళ్ళను తొలగించడానికి వ్యతిరేకంగా అక్కడ జరిగిన పెద్ద పోరాటానికి గిరి గారు ముందున్నారు. డబ్లిన్‌లో చూసినది ఓడిపోయిన సమ్మె. ఇక్కడ ఆయన పట్టుదలగా కోరింది యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం. మధ్యవర్తి తీర్పు కన్నా నేరుగా బేరం మేలన్న ఆ పద్ధతికి తరువాతి రోజుల్లో ఆయన పేరే వచ్చింది. 1926లోనూ, 1942లోనూ ఏ.ఐ.టి.యు.సి. అధ్యక్షులు. 1931 రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధి. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని కేంద్ర మంత్రి పదవికే రాజీనామా ఇచ్చారు. పదవుల జాబితా మీకు తెలిసిందే, దాన్ని వదిలేస్తాను.

ఇంతకీ ఆయన చదువుకు డబ్బు ఎవరిది? ఇంటి డబ్బే. విదేశీ విద్యకు సాయం అనేది ఆనాడు చాలా కొద్దిమంది అదృష్టం. కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ వెళ్ళారు. 1923లో యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరడానికి మామగారితో పాటు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా అండగా నిలిచింది. ఒక వ్యాపారి దానధర్మం ఒక వైద్య శాస్త్రవేత్తకు దారి ఖర్చు అయిందన్నమాట.

దారి ఒక వైపే నడవలేదు. రాస్‌కామన్ జిల్లాలోని బాయిల్ అనే చిన్న ఊరి అమ్మాయి మార్గరెట్ ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకుని, భర్త జేమ్స్ కజిన్స్‌తో 1915లో మన దేశం వచ్చింది. ఇద్దరూ మదనపల్లె దివ్యజ్ఞాన సమాజ కాలేజీకి చేరారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అక్కడ బస చేసి 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం రాసినప్పుడు, ఆ పాటకు స్వరలిపి కట్టడంలో తోడ్పడింది ఈ ఐరిష్ ఆవిడే. ఆ ఏడాదే పంజాబును హడలగొట్టిన గవర్నరు మైకేల్ ఓడ్వయర్‌దీ ఐర్లండే, టిప్పరరీ జిల్లా. ఒకే దీవి!

ఇక ఈనాటి సంగతి. 2025 వేసవిలో అమెరికా విద్యార్థి వీసాల ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేసినప్పుడు నా ఫోను ఊరుకోలేదు. "బాబాయ్, ఐర్లండ్ ఎలా ఉంటుంది?" "అన్నా, స్టే బ్యాక్ ఎన్నేళ్ళు?" అంటూ వరసలు కలుపుతూ రోజుకొకరు. లండన్ తలుపు బిగిస్తే డబ్లిన్ వైపు చూసిన 1913 నాటి తండ్రులే నాకు గుర్తొచ్చారు. వారికి చెప్పినదే ఇక్కడా చెబుతాను. మాస్టర్స్ పూర్తి చేసినవారికి స్టాంప్ వన్ జి మీద రెండేళ్ళ వరకు ఉండి ఉద్యోగం చూసుకునే వీలుంది. చదివే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ఐర్లండ్ ప్రభుత్వం యూరప్ బయటి దేశాల విద్యార్థులకు ఏటా 60 స్కాలర్‌షిప్‌లు ఇస్తూ వచ్చింది: ఒక ఏడాది ఫీజు పూర్తిగా మాఫీ, ఖర్చులకు 10,000 యూరోలు. దరఖాస్తుకు ముందు ఇక్కడి విద్యాసంస్థ నుంచి ప్రవేశపత్రం, షరతులతో ఉన్నదైనా సరే, చేతిలో ఉండాలి. ప్రపంచమంతటికీ 60 అంటే గట్టి పోటీయే. అయినా మనవాళ్ళలో చాలామంది దరఖాస్తే పెట్టరు. కన్సల్టెన్సీ వారు చెప్పలేదంటారు. లోను పెట్టి, పొలం కాగితాలు బ్యాంకులో ఉంచి వచ్చిన పిల్లలు వారాంతమంతా పనిలోనే గడిపి, సోమవారం క్లాసులో తూగడం నేను చూస్తున్నాను. డబ్లిన్‌లో ఇంటి అద్దె అలాంటిది. వాళ్ళను తప్పుపట్టలేను. కానీ గిరి గారికి ఈ ఊరు ఇచ్చినది సిలబస్‌లో లేదు. ఊరిని చూసే తీరిక ఉన్నవాడికే అది దొరికింది. ఆ తీరికకు వెల కట్టేది స్కాలర్‌షిప్. మన సంఘాలు విద్యార్థులకు నిధి పెట్టే మాట వచ్చినప్పుడు ఫీజు ఒక్కటే లెక్క వెయ్యవద్దని నా మనవి. ఒక్క టర్ము అద్దె కట్టినా ఒక పిల్లవాడికి వారంలో రెండు సాయంత్రాలు మిగులుతాయి.

చివరగా సభలకు వచ్చిన పెద్దలకు ఒక విన్నపం. 1913-16 మధ్య డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన తాతలు, ముత్తాతలు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల ఇళ్ళలో ఇంకెవరైనా ఉన్నారేమో. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దించి చూడండి. కింగ్స్ ఇన్స్ ముద్ర ఉన్న కాగితమో, స్టీఫెన్స్ గ్రీన్ చిరునామాతో ఉన్న ఉత్తరమో కనిపిస్తే పారెయ్యకండి. ఫొటో తీసి ఈ సంచిక సంపాదకులకు పంపండి, నాకు అందుతుంది.